తూలు నడక – చిన్నమెదడు వ్యాధి

ఆత్రేయపురమున పూతరేకులు తీయు స్త్రీల చేతులలో బలము కన్న అదను ముఖ్యము. బోర్లించిన కుండ క్రింద మంట మండుచుండగా, పలుచని బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను కుండపై ఒక్క ఊపున లాగుదురు. క్షణములో రేకు తేలును. చేయి తొట్రుపడినచో రేకు చెడును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ విద్యకు, మనము నిత్యము చేయు ప్రతి పనికిని కావలసిన అదనును కూర్చునది చిన్నమెదడు.

చిన్నమెదడు తల వెనుక భాగమున, పెద్దమెదడు క్రింద ఉండును. పరిమాణమున మెదడులో సుమారు పదవ వంతే యైనను, మెదడులోని నాడీకణములలో సగమునకు మించి అందులోనే కలవు. పనిని తలపెట్టునది పెద్దమెదడు. ఏ కండరము ఎప్పుడు బిగియవలెనో, ఎప్పుడు సడలవలెనో సరిచూచునది చిన్నమెదడు.

చెంబు అందుకొనుటకు చేయి చాచినపుడు, మోచేతిని చాపు కండరము మొదట బిగియును. చేయి చెంబును చేరకమునుపే మోచేతిని మడచు కండరము బిగిసి, పగ్గము లాగినట్లు వేగమును ఆపును. చిన్నమెదడు కణములు క్షీణించినచో ఈ రెండవ బిగింపు ఆలస్యమగును. చేయి చెంబును దాటిపోవును. గమ్యము సమీపించిన కొలది వణకు హెచ్చును. కండరములలో బలమున్నను పని చెడును. మొదటి ప్రపంచయుద్ధమున తలకు గుండ్లు తగిలిన సైనికులను పరీక్షించి, బ్రిటిష్ వైద్యుడు గోర్డన్ హోమ్స్ 1917లో ఈ లక్షణములను విపులముగ వర్ణించెను.

ఈ రోగులు కాళ్లు ఎడముగా వేసి తూలుచు నడతురు. మాట ముద్దగా, తెగితెగి వచ్చును. చూచువారు త్రాగినాడని నవ్వుదురు. మితిమీరిన మద్యపానము చిన్నమెదడును చెరచు మాట నిజమే. కాని ఎన్నడును కల్లు ముట్టని వారికిని ఈ వ్యాధి వచ్చును. కొన్ని కుటుంబములలో ఇది వంశపారంపర్యము. తూలుటతోపాటు కనుల కదలిక మందగించు ఇట్టి వ్యాధిని 1971లో బొంబాయి వైద్యుడు వాడియా, స్వామి అను సహచరునితో కలిసి, తొమ్మిది భారతీయ కుటుంబములలో గుర్తించి ప్రకటించెను. ఇట్టి కొన్ని రకములలో తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి యున్నచో, ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు. ఇది శాపము కాదు, అంటువ్యాధి కాదు.

పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి:

1. తూలుట హఠాత్తుగా వచ్చినచో అది పక్షవాతము కావచ్చును. క్షణమైనను ఆలస్యము చేయక రోగిని పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

2. క్రమముగా వచ్చినచో నరముల వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ లోపము, కొన్ని విటమినుల లోపము, కొన్ని మందుల దుష్ఫలితము కారణమైనచో చికిత్సకు వీలు కలదు. వంశపారంపర్య రకములలో చాలవాటిని పూర్తిగా మాన్పు మందు లేకున్నను, నిత్యము చేయు వ్యాయామ చికిత్స నడకను కొంత నిలుపును.

3. రోగికి కాలువ రేవు మెట్లు, తడి గట్లు ప్రమాదకరములు. రేవున పట్టుకొనుటకు ఇనుప కమ్మి పెట్టించుట స్వల్ప వ్యయముతో అగు పని.

4. అవయవముల కదలిక దెబ్బతిన్నవారికి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము రక్షణ నిచ్చును. ధ్రువపత్రమునకు దరఖాస్తు చేయుటలో తోడ్పడవలెను.

వికలాంగుల సంక్షేమము రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి. త్రాగుబోతను నిందకు వెరచి ఇల్లు కదలని రోగి వైద్యునికి దూరమగును. కావున తూలువానిని చూచినపుడు నవ్వక, కారణము విచారించుటయే మన మొదటి కర్తవ్యము.