ఈ-పుస్తకం కొనడం, చదవడం: కొత్తగా మొదలుపెట్టేవారికి

గత ఏడాది పుస్తకాల పంపిణీకి చందాలు అడగడానికి వెళ్లినప్పుడు, ఏటా తప్పకుండా ఇచ్చే ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేశారు. "కాగితం పుస్తకాలు కొని బస్తాల్లో మోయడం ఎందుకు బేటా? పిల్లలందరి చేతుల్లో ఫోన్లున్నాయి. అదే పుస్తకం ఫోన్లో ఒక్కటి కొని అందరికీ పంచితే నా రూపాయి పది రూపాయల పని చేస్తుంది కదా?" అప్పుడు మా దగ్గర జవాబు లేదు. "కనుక్కుని చెబుతాం చాచా" అని లేచి వచ్చాం. అదే మాట మరో ఇద్దరు ముగ్గురు దాతలు కూడా అన్నారు. అందుకే ఏడాదిగా మేం చేసి చూసినది, అందులో పడ్డ తిప్పలు ఈ సంచికలో రాస్తున్నాం.

చాచా ప్రశ్నకు సూటి జవాబు ముందే చెప్పేస్తాం. ఒక్కటి కొని అందరికీ పంచడం కుదరదు. దుకాణంలో కాగితం పుస్తకం కొంటే అది మన సొత్తు. చదివి తమ్ముడికి ఇవ్వవచ్చు, లైబ్రరీకి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల అంగట్లో అమ్మవచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-పుస్తకం కొన్నప్పుడు మనకు చాలావరకు దక్కేది చదువుకునే అనుమతి మాత్రమే. అది కొన్నవారి ఖాతాకు ముడిపడి ఉంటుంది. 2009లో అమెజాన్ సంస్థ, హక్కులు లేనివారు అమ్మకానికి పెట్టారన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ నవలను కొన్నవారి కిండిల్ పరికరాల్లోంచి రాత్రికి రాత్రి తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్నవారందరి పుస్తకాలూ పోయాయి. అక్కడా డబ్బు వాపసు వచ్చింది, పుస్తకం మాత్రం రాలేదు. మన బీరువాలో ఉన్న పుస్తకాన్ని అంగడివాడు వచ్చి పట్టుకుపోవడం ఎప్పుడైనా విన్నామా?

ఈ సంగతి తెలియక మేం చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. పోటీ పరీక్షల గైడు ఒకటి మా కమిటీ సభ్యుడి ఖాతాలో కొని, అదే ఖాతాను కుర్రాళ్ల ఫోన్లలో తెరిచి ఇచ్చాం. అయిదు ఫోన్లదాకా బాగానే నడిచింది. ఆపైన పరిమితి దాటిందని తెర మీద కనిపించింది. అంతటితో అయిపోతే బాగుండేది. ఆ ఖాతాలో సభ్యుడి బ్యాంకు కార్డు వివరాలు దాచి ఉన్నాయి. ఒక కుర్రాడి వేలు పొరపాటున బటన్‌కు తగిలి, ఎవరికీ పనికిరాని ఇంగ్లిషు పుస్తకం ఒకటి కొనుగోలైపోయింది. వెంటనే చూసుకున్నాం కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. తప్పు దుకాణానిది కాదు, మాదే. నియమాలు చదవకుండా 'సరే' నొక్కాం.

మరి ఈ-పుస్తకాలు వద్దా? వద్దని మేం అనం. ఎవరికి, ఏ పుస్తకం అన్నది చూసుకుని మొదలుపెట్టాలి.

మొదలుపెట్టడానికి కొత్త పరికరం కొనక్కరలేదు. చేతిలోని ఫోనే చాలు. కిండిల్ యాప్, గూగుల్ ప్లే బుక్స్ యాప్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. రెండింటిలోనూ చాలా పుస్తకాలకు మొదటి కొన్ని పేజీలు శాంపిల్‌గా ఇస్తారు. డబ్బు కట్టకముందు ఆ శాంపిల్‌ను, మీరు చదవబోయే ఫోన్లోనే తెరిచి కనీసం పది నిమిషాలు చదవండి. కొన్ని ఫోన్లలో యాప్ లోపల కొనే బటన్ కనిపించదు. అలాంటప్పుడు బ్రౌజర్‌లో దుకాణం వెబ్‌సైటు తెరిచి, అదే ఖాతాతో కొంటే పుస్తకం యాప్‌లోకి దానంతటదే వస్తుంది. డబ్బు కట్టాక కార్డు వివరాలు దాచమంటారా అని అడిగితే వద్దనండి. ఇంట్లో పిల్లలు వాడే ఫోనైతే ఇది మరీ ముఖ్యం.

కాగితంలా కనిపించే తెరతో చదవడానికే ప్రత్యేకంగా చేసిన పరికరాలూ ఉన్నాయి. కంటికి హాయిగా ఉంటాయి, ఒకసారి చార్జింగ్ పెడితే వారాలపాటు వస్తాయి. రోజూ గంటలకొద్దీ చదివే అలవాటున్నవారికి అవి మంచివే. కానీ తెలుగు పాఠకుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించి కొనాలి. 2016 చివర్లో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెస్తున్నామని అమెజాన్ ప్రకటించినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే తెలుగు చదివేవారి అసలు కష్టం అక్షరాల దగ్గరే ఉంది. మన ప్రచురణకర్తలు, డీటీపీ సెంటర్ల వాళ్లు చాలాకాలంగా అను ఫాంట్లలో టైపు చేస్తున్నారు. అది అచ్చుకు అందంగా ఉంటుంది. కానీ కంప్యూటర్ లెక్కలో అవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానంలో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఆ ఫైలును ఫోన్లో మామూలు పుస్తకంగా మార్చబోతే అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుకే చాలా తెలుగు ఈ-పుస్తకాలు పీడీఎఫ్‌గానే దొరుకుతాయి. పీడీఎఫ్ అంటే పేజీ ఫొటో లాంటిది అనుకోండి. పెద్ద పేజీ చిన్న తెరలో ఇరుక్కుంటుంది. పెద్దది చేస్తే వాక్యం సగం పక్కకు పోతుంది, ప్రతి వరుసకూ వేలితో అటూ ఇటూ జరపాలి. యూనికోడ్‌లో టైపు చేసి ఈపబ్‌గా తయారు చేసిన పుస్తకమైతే అక్షరం ఎంత పెంచినా వరుసలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. షుగరుతో చూపు మందగించిన మా నానీమా లాంటివారికి ఈ తేడా చిన్నది కాదు. అందుకే శాంపిల్ తెరవగానే అక్షరం సైజు పెంచి చూడండి. వరుసలు సర్దుకుంటే కొనండి. వత్తులు ఊడి పక్కకు పడుతున్నా, పేజీ మొత్తం ఫొటోలా పెరుగుతున్నా ఫోన్లో ఆ పుస్తకం జోలికి పోకండి.

ఉర్దూది ఇంకో దారి. ఇంట్లో ఉర్దూ చదివే పెద్దలుంటే రేఖ్తా వెబ్‌సైటు చూపించండి. 2013లో సంజీవ్ సరాఫ్ మొదలుపెట్టిన సంస్థ అది. వేలాది పాత ఉర్దూ పుస్తకాలను పేజీ పేజీ స్కాన్ చేసి ఉచితంగా చదువుకోవడానికి పెట్టారు. నస్తాలీఖ్ రాత అచ్చంగా ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఫోన్లో కంటే పెద్ద తెర మీద హాయి.

ఇక ఉచితం గురించి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లలో చాలా మటుకు దొంగ ప్రతులే. నిన్న మొన్న అచ్చైన గైడు ఎవరో స్కాన్ చేసి పెడితే, మన సంఘం పేరుతో నడిచే గ్రూపులో అది తిరగకూడదని కమిటీ తీర్మానించింది. అయితే న్యాయంగా ఉచితమైనవీ చాలా ఉన్నాయి. మన దేశ చట్టం ప్రకారం రచయిత బతికున్నప్పుడు అచ్చైన పుస్తకంపై హక్కులు, ఆయన పోయిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కవేస్తే 60 ఏళ్లు ఉంటాయి. పిఠాపురం కవి ఉమర్ అలీషా 1945లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చైన పుస్తకాలు 2006 నుంచి ఎవరైనా అచ్చువేయవచ్చు, పంచవచ్చు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయనవి 2014 నుంచి స్వేచ్ఛ పొందాయి. జాషువా 1971లో పోయారు కాబట్టి 2031 చివరిదాకా ఆగాలి. ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే ఏది పంచవచ్చో, ఏది పంచకూడదో ఎవరినీ అడగక్కరలేదు. అలా హక్కులు తీరిన తెలుగు పుస్తకాలు కొన్ని తెలుగు వికీసోర్స్‌లో యూనికోడ్‌లో ఉన్నాయి. అక్కడినుంచి ఈపబ్‌గా దించుకోవచ్చు. పిల్లల పాఠ్యపుస్తకాలైతే దీక్షా యాప్‌లో ప్రభుత్వమే ఉచితంగా పెట్టింది. వాటికి చందా డబ్బు ఖర్చుపెట్టడం దండగ.

పన్ను సంగతి కూడా దాతలు గమనించాలి. అచ్చు పుస్తకంపై జీఎస్టీ లేదు. ఈ-పుస్తకంపై ఉంది. 2018 జూలైలో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, అదీ అచ్చు ప్రతి కూడా ఉన్న పుస్తకాలకే. కాబట్టి ఫోన్లో ఉన్నది ఎప్పుడూ చవకే అనుకోవద్దు. మేం చూసిన గైడ్లలో కొన్నింటికి, తర్వాత పాతవిగా అమ్మితే వచ్చేది లెక్కేసుకుంటే, కాగితమే చవక పడింది.

మరి దాత రూపాయి నిజంగా పదింతలు పనిచేసే చోటు ఏది? మా అనుభవంలో చూపు లేని విద్యార్థుల దగ్గర. కాగితం పుస్తకం వాళ్లకు మూసిన తలుపే. ఫోన్లోని టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే యూనికోడ్ తెలుగును చదివి వినిపిస్తుంది. స్కాన్ చేసిన ఫొటో పేజీని అలా చదవలేదు, అక్షరాల రకం ఎందుకంత ముఖ్యమో ఇక్కడ మరోసారి తెలుస్తుంది. చూపు లేనివారికోసం పుస్తకాలను చదవగలిగే రూపంలోకి మార్చడానికి 2012 సవరణతో మన కాపీరైటు చట్టమే అనుమతిస్తుంది. ఈ విషయంపై కుదిరిన మరాకేశ్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి ఇలాంటివారికోసమే నడుస్తోంది. సభ్యత్వానికి దరఖాస్తు నింపడం, ధ్రువపత్రం జతచేయడం, మొదటి పుస్తకం దించి వినిపించడం, ఇదంతా పక్కన కూర్చుని చేసిపెట్టే మనిషి కావాలి. వారానికి రెండు గంటలు ఇవ్వగల చదువుకున్న యువకులు మా ఆఫీసులో పేరు రాయించండి.

పాత ఫోన్లు ఇస్తామని కూడా కొందరు అన్నారు. తప్పకుండా ఇవ్వండి. అయితే ఇచ్చేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తర్వాతే ఫోన్ మొత్తం చెరిపేయండి. ఖాతా తీయకుండా మరోలా చెరిపేస్తే, ఫోన్ మళ్లీ తెరిచినప్పుడు పాత యజమాని పాస్‌వర్డే అడుగుతుంది. నిరుడు వచ్చిన ఫోన్లలో మూడు అలా ఇప్పటికీ మా బీరువాలోనే ఉన్నాయి. అందులో ఒకటి చాచాదే. ఆయన పాస్‌వర్డ్ ఆయనకూ గుర్తులేదు.