తుది తీర్పు – మలి విన్నపము

శిక్ష పడిన వ్యక్తి న్యాయస్థానపు తలుపును ఎన్ని మార్లు తట్టవచ్చును? న్యాయశాస్త్ర విద్యార్థులేగాక పౌరులందరును ఎరుగవలసిన ప్రశ్న ఇది.

క్రిమినల్ న్యాయస్థానము సంతకము చేసిన తీర్పులో లేఖన దోషములను దిద్దవచ్చునే గాని తీర్పును మార్చరాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 362వ సెక్షనులోని ఈ నియమము 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోను నిలిచినది. సుప్రీంకోర్టు మాత్రము రాజ్యాంగము 137వ అధికరణము క్రింద తన తీర్పును పునఃపరిశీలింపగలదు. ఆ రివ్యూ పిటిషనును 30 దినములలో దాఖలు చేయవలెను. అది వీగిపోయినచో రెండవ రివ్యూ లేదు. ఆపై మిగులునది 2002లో రూపా అశోక్ హుర్రా కేసులో ఏర్పడిన క్యూరేటివ్ పిటిషను. సహజన్యాయ సూత్రముల ఉల్లంఘన వంటి అరుదైన కారణములకే దానికి మన్నన.

అమెరికాలోను ఇట్టి కట్టుదిట్టమే కలదు. 1996 నాటి శాసనము ప్రకారము ఫెడరల్ ఖైదీ తన శిక్షను రెండవమారు సవాలు చేయుటకు ముందుగా అప్పీలు న్యాయస్థానపు అనుమతి పొందవలెను.

వ్యాజ్యమునకు అంతము ఉండవలెననుట సమంజసమే. కాని ఉరి తీసిన పిదప పొరపాటును దిద్దుట ఎట్లు? అందులకే రాజ్యాంగము 72, 161 అధికరణములలో రాష్ట్రపతికి, గవర్నరుకు క్షమాధికారము నొసగినది.

ఉస్మానియా ప్రాంగణమునకు, తార్నాకకు అనతిదూరమున, నేడు గాంధీ ఆసుపత్రి వెలసిన చోట పూర్వము ముషీరాబాదు జైలుండెడిది. హత్యానేరముపై శిక్షపడిన ఆదిలాబాదు జిల్లా రైతాంగ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఎమర్జెన్సీ కాలమున, 1975 డిసెంబరు 1న అచటనే ఉరితీసిరి. క్షమాభిక్ష నిరాకరణలో జోక్యము చేసికొనుటకు సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. అయినను, ఒక విన్నపమును త్రోసిపుచ్చినంత మాత్రమున క్షమాధికారము తీరిపోదని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే స్పష్టపరచిరి.

1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనము కేసులో 23 మంది ప్రాణములు కోల్పోయిరి. ముద్దాయిలు చలపతిరావు, విజయవర్ధనరావుల మరణశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయపరచెను. రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్షను నిరాకరించిరి. 1997 మార్చిలో ఉరి సమీపించిన తరుణమున సుప్రీంకోర్టు స్టే ఇచ్చెను. మలి విన్నపముపై రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ 1998లో శిక్షను యావజ్జీవముగా మార్చిరి.

భూమయ్య, కిష్టాగౌడ్‌ల కేసులో పలికిన సూత్రము వారిని కాపాడలేదు. మలి విన్నపమునకు చోటుండుట వలననే పిదప ఇరువురి ప్రాణములు నిలిచినవి. తుది తీర్పును గౌరవింపవలసినదే. కాని తిరిగి సరిదిద్దరాని శిక్షను విధించు చట్టము, మలి విన్నపమునకు ఒక్క ద్వారమునైనను తెరచి ఉంచవలెను.