చెరువుకు కథ కట్టేముందు

అమ్మాయీ,

"మా ఊళ్లో కోటా లేదు, శాసనమూ లేదు, పిల్లలతో ఏ బుర్రకథ చెప్పించను మామయ్యా" అంటావా? బడి వెనక అంత చెరువు పెట్టుకుని అడగాల్సిన మాటేనా అది! కలుజు పారిన ఏడు ఏ వీధి మునిగిందో చెప్పే ముసలాళ్లు ఇంకా ఉన్నారు. ఉండగానే అడిగించు. నాజర్ గారు పల్నాటి యుద్ధం ఒక్కటే చెప్పారా? బెంగాల్ కరువునూ బుర్రకథ కట్టి ఊరూరా వినిపించారు. చెరువుకు కట్టకూడదా?

కానీ కథ నువ్వు రాయకు. ఆ తప్పు నేను చేశాను. ఎవరో అచ్చేసిన చిన్న పుస్తకం చూసి, మా ఊరి చెరువు కథ రాత్రికి రాత్రి రాసి పిల్లలకు బట్టీ పట్టించాను. వార్షికోత్సవం నాడు కథ మంచి ఊపులో ఉండగా ముందు వరసలోంచి నీరుగంటి తాత లేచి, "ఒరే, పాత తూము అక్కడ కాదురా, తూర్పున!" అని కేకేశాడు. హాస్యం కట్టిన కుర్రాడు నోరు తెరిచి నావంక చూశాడు. గుమ్మెటలు ఆగిపోయాయి. నాకూ తెలియదాయె.

మర్నాడు వాడే తాత ఇంటికి వెళ్లాడు. నీళ్లలో మునిగి తూము బిరడా ఎలా లాగేవారో, పైకి వచ్చేసరికి చెవులెలా గింగురుమనేవో విని వచ్చాడు. వాడు అడిగిన ప్రశ్నలనే హాస్యం నోట పెట్టి మళ్లీ ఆడించాం. ఈసారి తాత కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

హాస్యగాడంటే కోతిచేష్టలు కాదే తల్లీ. ఊరి తరఫున అడిగేవాడు వాడే. ఇక రాజకీయం చెప్పే వంత పిల్లకు ఇవాళ్టి సంగతి ఇవ్వాలి. చెరువు సగం ఇళ్లస్థలాలైందని ఆ పిల్ల అంటే పెద్దమనుషులు కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ, ఆ మాట మాత్రం తీసేయకు.

పాట, అడుగు నీకు తెలిసినవే. అందెలు చిన్నవేళ్లకు జారిపోతాయి, బొటనవేలికి గుడ్డ చుట్టించు.

గుమ్మెటలు మా అటక మీదున్నాయి. ఒకదాని తోలు ఎలుక కొరికింది, కొత్తది వేయించాలి. ఆదివారం రా. వచ్చేటప్పుడు హాస్యం కట్టే పిల్లను వెంటబెట్టుకురా. ఏమేం అడిగిందో ముందు దాని నోట వింటాను.

మీ మామయ్య