కార్డు ఉండగా పాలసీ ఎందుకు?

గత నెలలో ఒక ఆదివారం రెండవ పూజ ముగిశాక గుడి వసారాలో భార్యాభర్తలు ఇద్దరు నా కోసం నిలబడి ఉన్నారు. భర్త చేతిలో ఆరోగ్య బీమా ఫారం ఒకటి ఉంది. "ఫాదర్ గారూ, మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి ప్రైవేటు పాలసీ కూడా తీసుకోమంటున్నాడు. కార్డు ఉండగా పాలసీ ఎందుకండీ?" అని ఆయన అడిగారు. ఆమె మాత్రం మెల్లగా, "దేవుడు చూసుకుంటాడని నమ్మేవాళ్ళం గదా ఫాదర్. జబ్బు వస్తుందని ముందే డబ్బు కట్టడం అపనమ్మకం కాదా?" అన్నారు.

ముందు ఆమె ప్రశ్న సంగతి చూద్దాం. అది తేలకపోతే ఆయనకు చెప్పే జవాబు నిలవదు.

ఆదికాండంలో యోసేపు ఏడు పంట సంవత్సరాలలో ధాన్యం గాదెలకెత్తించింది దేవునిపై నమ్మకం లేక కాదు. కరువు రానున్నదని దేవుడే తెలియజేశాడు గనుక ఎత్తించాడు. పునీత థామస్ అక్వినాస్ వివేకమనే సుగుణాన్ని వివరిస్తూ ముందుచూపును అందులో ముఖ్యభాగంగా లెక్కించారు. సెమినరీలో చదువుకునే రోజుల్లో ఆ పాఠం నాకు పొడి తర్కంగా తోచింది. పాతికేళ్ళు ఆసుపత్రి మంచాల చుట్టూ తిరిగిన తరువాత గాని అందులోని బరువు తెలియలేదు. లూకా సువార్తలోని మంచి సమరీయుణ్ణి చూడండి. గాయాలకు కట్లు కట్టడంతో ఆయన ఆగలేదు. పూటకూళ్ళవానికి రెండు దీనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు చెల్లిస్తానని మాట ఇచ్చి వెళ్ళాడు. వైద్యానికి ఖర్చవుతుందని, దానిని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలని సువార్తకు తెలుసు.

శ్రీసభ బోధ కూడా ఇదే దారిలో నడిచింది. 13వ లియో జగద్గురువులు 1891లో వెలువరించిన 'రేరుం నోవారుం' విశ్వలేఖలో, జబ్బు పడినప్పుడు, ఆపద వచ్చినప్పుడు శ్రామిక కుటుంబాలను ఆదుకునే పరస్పర సహాయ సంఘాలను మెచ్చుకున్నారు. 23వ యోహాను జగద్గురువులు 1963లో 'పాచెం ఇన్ తెర్రిస్'లో వైద్యాన్ని మనిషి హక్కులలో ఒకటిగా చెప్పారు. అంటే ప్రభుత్వం వైద్యం అందించడం దానం కాదు, దాని బాధ్యత. మనం కూడి ఒకరి భారం ఒకరు మోయడం కూడా మన బాధ్యతే.

మన ఆడవాళ్ళు వంట చేసేముందు పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో వేస్తారు కదా. బీమా అంటే అలాంటి కుండ. ఎవరి ఇంట ఆపద వస్తే వారికి అందులోనుంచి కొలుస్తారు. ఈ కుండను నడిపే కంపెనీ లాభం చూసుకుంటుందన్న మాట నిజమే. అయినా లోపల ఉన్న బియ్యం మాత్రం తోటివారివే.

ఇక కార్డు సంగతి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. జనం మాత్రం పాత పేరే పలుకుతున్నారు, నేనూ అలాగే రాస్తున్నాను. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. ఇందులోని గొప్పతనం డబ్బు పరిమితిలో కంటే మరొకచోట ఉంది. మీకు షుగరు ఎన్నాళ్ళనుంచి ఉందని ఈ కార్డు అడగదు. వయసు అడిగి ప్రీమియం పెంచదు. గుండె ఆపరేషను, క్యాన్సరు వైద్యం, డయాలిసిస్ వంటి పెద్ద ఖర్చులలో పేద ఇంటికి దీనిని మించిన ఆసరా ఏ కంపెనీ పాలసీలోనూ నాకు కనబడలేదు. కాబట్టి ఏజెంటు ఎంత తియ్యగా మాట్లాడినా కార్డును చిన్నచూపు చూడకండి.

అయితే దానికీ హద్దులున్నాయి. జాబితాలో ఉన్న చికిత్సలకే అది వర్తిస్తుంది, పథకంలో చేరిన ఆసుపత్రులలోనే చెల్లుతుంది. ఆపరేషనుకు ముందే అనుమతి రావాలి. 2025లో బకాయిలు అందలేదని రెండు రాష్ట్రాలలోనూ ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని ఈ పథకం కింద సేవలను కొంతకాలం ఆపివేశాయి. అబ్బాయి భయం అక్కడినుంచే పుట్టి ఉంటుంది, దాన్ని తప్పుపట్టలేను.

ఇంకొక మాట. మంచి జీతం, మేడ, కారు ఉండి కూడా తప్పుడు ఆదాయ పత్రంతో కార్డు సంపాదించినవారు మన విచారణలలోనూ ఉన్నారు. ఏడవ ఆజ్ఞ వారికి కూడా వర్తిస్తుంది. అంతకంటే పెంచి రాయను.

ప్రైవేటు పాలసీ తీసుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది వేచి ఉండే కాలం. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు మామూలుగా ఏ జబ్బుకూ డబ్బు రాదు. కంటి శుక్లాలు, హెర్నియా వంటి కొన్నిటికి సాధారణంగా రెండేళ్ళు ఆగాలి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు కంపెనీ గరిష్ఠంగా మూడేళ్ళు ఆపవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు అది నాలుగేళ్ళు. మధ్యలో ఒక ఏడాది ప్రీమియం మానేసి గడువు దాటిపోతే ఈ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే ఏటేటా కట్టగలమా అని ముందు ఇంట్లో కూర్చుని లెక్క చూసుకోవాలి. పంట డబ్బు వచ్చిన ఏడాది కట్టి, రాని ఏడాది మానేసే ఇంటికి పాలసీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండవది గది అద్దె. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. 3 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 3,000 అని ఉందనుకోండి. చుట్టాలు చూడడానికి వస్తారు, బాగుండాలని 6,000 గదిలో ఐదు రోజులు ఉన్నారు. అద్దె 30,000లో కంపెనీ 15,000 ఇస్తుంది. అంతటితో పోదు. అర్హతకు రెట్టింపు గది తీసుకున్నారు గనుక డాక్టరు ఫీజు, ఆపరేషను ఖర్చుల వంటివాటిలోనూ సగమే ఇవ్వవచ్చు. అవి 80,000 అయితే 40,000 మీ నెత్తిన పడతాయి. మందులకు, పరీక్షలకు ఈ కోత ఉండదు. అయినా మంచి గది కావాలన్న ఒక్క మాటకు మొత్తం 55,000 పోయినట్టే.

ఇన్ని షరతులు చదవలేనివారికి ఆరోగ్య సంజీవని అనే పాలసీ ఉంది. 2020 నుంచి వేర్వేరు కంపెనీలు దీనిని ఒకే షరతులతో అమ్ముతున్నాయి, ప్రీమియం మాత్రమే తేడా. ఒప్పుకున్న బిల్లులో 5 శాతం మనం పెట్టుకోవాలి. వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగిపోయింది కూడా. డెబ్భై ఏళ్ళు నిండిన పెద్దలుంటే, 2024 అక్టోబరులో కేంద్రం ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్‌ను వారికి విస్తరించిందని గుర్తుంచుకోండి. ప్రైవేటు పాలసీ ఉన్నా వారు దానికి అర్హులే.

ఇప్పుడు ఫారం సంగతి. దీనికోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం నేను మరో విచారణలో ఉండగా, బీమా తీసుకోండని పూజ చివర ప్రకటన చేశాను. ఫారం ఎలా నింపాలో మాత్రం చెప్పలేదు. ఒక కుటుంబం నా మాట విని తీసుకుంది. ఇంటి యజమానికి పదేళ్ళుగా షుగరు. ఏజెంటు, ఆయన కూడా మన గుడికి వచ్చేవాడే, "షుగరు రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అని "లేదు" అని పెట్టాడు. ఈయన సంతకం చేశాడు. రెండేళ్ళకు గుండెకు బైపాస్ అవసరమైంది. ఆసుపత్రి కౌంటరులో బీమా ఉందా అంటే పాలసీ చూపించారు, ఆరోగ్యశ్రీ కార్డు సంచిలోనే ఉండిపోయింది. అడ్వాన్సు కట్టి ఆపరేషను చేయించారు. పాత మందుల చీటీలలో షుగరు బయటపడి కంపెనీ క్లెయిం తిరస్కరించింది. ఆపరేషను అయిపోయింది గనుక కార్డు కింద అనుమతి అడిగే వీలూ పోయింది. అరెకరం అమ్ముకున్నారు. ఆయన భార్య నా దగ్గరకు వచ్చి, "అది పాపమా ఫాదర్? అందుకే ఇలా అయిందా?" అని అడిగింది.

దేవుడు శిక్షించాడని నేను చెప్పలేదు, చెప్పను. కాని అబద్ధం అబద్ధమే. ఎనిమిదవ ఆజ్ఞ నాలుకకు ఎంతో కలానికీ అంతే. పైగా ఆ "లేదు" అన్న మాటతో మోసపోయేది కంపెనీ యజమాని ఒక్కడే కాదు, ఆ కుండలో బియ్యం పోసిన ప్రతి ఇల్లూ మోసపోతుంది. ఐదేళ్ళు ఆగితే కంపెనీ ఇక అడగలేదని కొందరు ఏజెంట్లు చెబుతున్నారు. వరుసగా ఐదేళ్ళు కట్టినవారికి ఆ రక్షణ ఉన్నమాట నిజమే. మోసం రుజువైతే మాత్రం అది వర్తించదు.

నిజం రాసినవాడికి మరొక బలం ఉంది. కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలరోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఆ అరెకరం అమ్మినాయన తరఫున అక్కడికి రాద్దామని నేనూ కూర్చున్నాను. ఫారం మీద ఆయన సంతకం చూసి కాగితం మడిచి పెట్టేశాను.

వసారాలో నిలబడిన దంపతుల విషయానికి వస్తే, వారికి మూడెకరాలు, ఆయనకు 58 ఏళ్ళు. ఆరోగ్యశ్రీ కార్డు భద్రం, ఆసుపత్రిలో చేరేటప్పుడు మొదట చూపించవలసింది అదే, ఆరోగ్యమిత్రను కలవకుండా డబ్బు కట్టవద్దు అని చెప్పాను. అబ్బాయి ప్రతి ఏడాదీ కడతానంటేనే 3 లక్షలకు ఆరోగ్య సంజీవని తీసుకోండి, లేదంటే ఆ డబ్బు నెలనెలా మందులకు పోస్టాఫీసులో వేసుకోండి అన్నాను. అబ్బాయికి కంపెనీవారు ఇచ్చిన పాలసీ ఉద్యోగంతోపాటే పోవచ్చు గనుక, నిజానికి సొంత పాలసీ ముందు కావలసింది అతనికి.

అప్పుడు ఫారం విప్పి చూశాను. రక్తపోటు గడిలో పెన్సిలుతో "లేదు" అని ఉంది. "బీపీ మందు వేసుకుంటున్నారా?" అని అడిగాను. ఆయన తల వంచుకున్నారు. ఆమె, "ఆరేళ్ళనుంచి ఫాదర్" అన్నారు. కొత్త ఫారం తెప్పించి ఆఫీసు గదిలో ముగ్గురం కూర్చుని నింపాము. వైద్య పరీక్షకు రమ్మని కంపెనీ నుంచి కబురు వచ్చింది. ప్రీమియం ఎంత పెంచుతారో ఇంకా తేలలేదు.