ఇల్లు నిలుపుట యను ధర్మము

దిక్కులేని బిడ్డకు నీడ నిచ్చుట ఈశ్వరసేవయే యని మన సమాజ పూర్వులు నమ్మిరి, నమ్మినట్లు నడచిరి. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి ప్రబోధమునను, పిఠాపురము రాజాగారి యౌదార్యమునను కాకినాడలో అనాథశరణాలయము వెలసెను. ఆ పుణ్యకార్యమునకు నమస్కరించుచునే నేడు మనము మరియొక ప్రశ్న వేసికొనవలసియున్నది: తల్లి బ్రదికియుండగా బిడ్డ శరణాలయమునకు ఏల పోవలయును?

ఈ ప్రశ్నను నేర్చుకొనుటకు హైదరాబాదు పడమటి భాగమును మించిన పాఠశాల లేదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో మేడలమీద మేడలు లేచినవి. వానిని కట్టినవారిలోను, వానిలో అంట్లు తోమువారిలోను అనేకులు పాలమూరు, శ్రీకాకుళము, ఒడిషా మొదలగు తావులనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. స్వగ్రామమున అవ్వయో పిన్నమ్మయో బిడ్డను కనిపెట్టుచుండును. ఇచట ఆ యాసరా లేదు.

కాపురము చెదరుట కెంత కాలము పట్టును? ఒక సంసారమును ఊహింతము. తాపీపని చేయు భర్త పరంజిమీదనుండి పడి మరణించెను. భార్య నాలుగిండ్లలో పనిచేసి నెలకు 9,000 రూపాయలు తెచ్చుచున్నది. చిన్నవానికి జ్వరము వచ్చి ఆమె వారము దినములు పనికి పోలేదు. రెండిండ్లవారు వేరొకరిని కుదుర్చుకొనిరి. అద్దె నిలిచెను, అప్పు పెరిగెను, పెద్దపిల్ల తమ్ముని కనిపెట్టుటకై బడి మానెను. తుదకెవరో, “పిల్లలను ఏదైన ఆశ్రమములో చేర్పింపుము” అని హితము చెప్పిరి. ఇచట తల్లి ప్రేమకు కొరత లేదు. కొరత పడినది వారము దినముల కూలి మాత్రమే.

చట్టము ఈ సత్యమును ఎరుగనిది కాదు. బిడ్డను సంస్థయం దుంచుట తుది మార్గము కావలెనని 2015 నాటి బాలల న్యాయచట్టము విధించినది. మిషన్ వాత్సల్యయొక్క 2022 నాటి మార్గదర్శకములు వితంతువులు, భర్త విడిచిన స్త్రీలు మొదలగువారి బిడ్డకు, ఇంటనే యుంచి పెంచుటకై, నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. అయితే పట్టణములలో కుటుంబాదాయము సంవత్సరమునకు 96,000 రూపాయలు మించరాదు. అనగా నెలకు 8,000. పైని చెప్పిన తల్లి కష్టపడి తెచ్చిన అధికపు వేయి రూపాయలే ఆమెకు అడ్డుగోడ యగుచున్నవి!

మరియొకటి చూడుడు. 50 మంది యుద్యోగులు గల సంస్థ శిశుశాల నేర్పరుపవలెనని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించిరి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఆ విధిని నిలిపినది. కావున కంపెనీ యుద్యోగిని బిడ్డకు చట్టము తావు చూపినది. ఆ యుద్యోగిని నిశ్చింతగా పనికి పోవుటకు ఆమె యిల్లూడ్చు స్త్రీ బిడ్డకు మాత్రము చూపలేదు. మన యిల్లు సంస్థ కాదు గదా!

ఇచట నొక హెచ్చరిక యవసరము. ఇల్లు నిలుపుట యనగా కొట్టు భర్తయొద్దకు స్త్రీని మరల త్రోయుట కాదు. అట్టివారి రక్షణకై 2005 నాటి గృహహింస చట్టమును, సఖి కేంద్రములును, 2016లో హైదరాబాదున మొదలైన భరోసా కేంద్రమును కలవు. తల్లియు బిడ్డలును భయము లేక బ్రదుకు గదియు ఇల్లే. దానిని నిలుపుటయు మన ధర్మమే.

మరి మన మేమి చేయవలయును? మేము మూడు పనులను సూచించుచున్నాము. మొదటిది: ప్రతి గృహసముదాయమందును, వ్యాయామశాలకు చోటిచ్చినట్లే, పనివారి బిడ్డలకును ఒక గది యిచ్చి, జీతముగల ఆయాను నియమించుట. రెండవది: జబ్బు దినములకు కూలి కోయకుండుటయు, పని తీసివేయకుండుటయు. మూడవది: వ్రాత నేర్చినవారు జిల్లా బాలల సంరక్షణ విభాగమునకును, న్యాయ సేవాధికార సంస్థకును ఆ తల్లికి తోడుగా పోవుట. 1987 నాటి చట్టము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయమును ఇచ్చుచున్నది. పనిలో మరణించినవాని కుటుంబమునకు పరిహారము కోరు హక్కును కలదు. హక్కు కాగితముమీద నున్నది. దానిని గుమ్మము దాటించుటకు మనిషి కావలయును. న్యాయవాదులమైన మేము ఈ మాట నిస్సంశయముగా చెప్పగలము.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట దానముగా చెలామణి యగుచున్నది. ఇల్లు చెదరకముందు అందిన వారము కూలి, చెదరిన పిమ్మట కట్టించు శరణాలయముకంటె మేలు. ఎల్లరకును తండ్రియైన పరమేశ్వరుడు మన గుమ్మములో చీపురు పట్టుకొని నిలిచిన తల్లిని చూచు కన్నులను మనకు ప్రసాదించుగాక!