ఆయిలింజను సరిగా నడువనపుడు కారణము కనుగొను విధము

మన సంఘ సభ్యులలో పెక్కురకు నేడు బావుల యొద్ద కరెంటు మోటార్లు అమరియున్నవి. అయినను కాలువ చివరి భూములలోను, మురుగు కాలువల గట్ల మీదను, తీగ రాని చేలలోను ఆయిలింజనే నీటికి ఆధారము. అది తిరుగుచున్నంత కాలము దాని మాట యెవరికిని పట్టదు. వరి పొట్టకు వచ్చిన వేళ అది మూల్గుచు, పొగ గ్రక్కుచు, నడిచి నడిచి ఆగిపోయినపుడు మాత్రము ఇంటిల్లపాదికి నిద్ర పట్టదు. ఆ దశలో చేను బెట్టకు వచ్చినచో తాలు మిక్కుటమగును. పిమ్మట ఎంత నీరు పెట్టినను ఆ నష్టము పూడదు. ఇట్టి తొందరలో నెవరో "బోరు పోయినది, లైనరు, పిస్టను మార్చవలె" ననగా తలయూపి, ఇంజనును బండి కెక్కించి పట్టణమునకు పంపి, పది దినములు ఎదురు చూచిన వారిని మేమెరుగుదుము. అందు కొన్నింటికి కావలసినది క్రొత్త ఫిల్టరు మాత్రమే. మేస్త్రులందరు అట్టివారని మా అభిప్రాయము కాదు. కాని రోగమేదో కొంత తెలిసిన రైతుతో మేస్త్రియు జాగ్రత్తగా మాటలాడును.

రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున విజయవంతముగా నడిపి చూపిన యంత్రమే మన ఇంజనుకు మూలము. మోటారు కారులోని పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావలయును; పందెపు కారు సరిగా నడువనపుడు మేస్త్రి మొట్టమొదట ప్లగ్గు విప్పి చూచుట అందుకే. డీజిలు ఇంజనులో ప్లగ్గు లేదు. పిస్టను గాలిని పదునారవ వంతునకో, ఇరువదవ వంతునకో కుదించును. ఆ కుదింపుచే గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిలోనికి నాజిలు డీజిలును మంచువలె చిమ్మగా అది తనంతట మండును. కావున చూడవలసినవి మూడే: డీజిలు శుభ్రముగా, సరియైన వేళకు చేరుచున్నదా? గాలి చాలినంత వచ్చి, పొగ ధారాళముగా పోవుచున్నదా? కుదింపు బలముగా నున్నదా? ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుతో గూడినవి వెనుక జరుపుట మంచిది.

అన్నిటికంటె ముందు, తప్పు ఇంజనుదా, పంపుదా అని తేల్చుకొనవలయును. బెల్టు తీసి ఇంజనును ఒంటిగా నడుపుడు. అప్పుడును తడబడుచున్నచో దోషము ఇంజనులోనిదే. ఒంటిగా చక్కగా నడిచినంత మాత్రమున అది నిర్దోషి యని చెప్పరాదు గాని, పంపు వంక తప్పక చూడవలసియుండును. పంపు చక్రము చేతితో సులువుగా తిరుగుచున్నదా, గ్లాండును మితిమీరి బిగించినారా, బెల్టు జారుచున్నదా యని పరీక్షింపుడు. నీరు తక్కువగా పడి ఇంజను తేలికగా నడుచుచున్నచో ఫుట్‌వాల్వులో చెత్త చిక్కుటయో, పీల్పు గొట్టము గాలి లాగుటయో కారణమై యుండును.

ఇచ్చట ఒక సంగతి విశదముగా చెప్పవలసియున్నది. నీరెక్కువ వచ్చునను ఆశతో కొందరు ఇంజనుకు పెద్ద పుల్లీ వేయుదురు. పంపు వేగము నూటికి 10 వంతులు పెరిగినచో, దానిని త్రిప్పుటకు కావలసిన బలము నూటికి 33 వంతులు పెరుగును. వేగమును దానితోనే ముమ్మారు గుణించిన లెక్క ఇది. 5 గుర్రముల ఇంజనుకు ఆరున్నర గుర్రముల పని పెట్టి, నల్లపొగ వచ్చుచున్నదని నాజిలును నిందించుట న్యాయము కాదు.

ఇక డీజిలు సంగతి. మా అనుభవములో, నడిచి నడిచి ఆగిపోవు ఇంజనులలో పెక్కింటి దోషము ఇందే యున్నది. మా సభ్యులొకరి ఇంజను చక్కగా మొదలై, అరగంట నడిచి, నీరసించి ఆగిపోవుచుండెను. కొంతసేపు విడిచి త్రిప్పగా మరల నడిచెడిది. నాజిలు మార్చిరి, పంపు విప్పిరి, గుణము లేదు. తుదకు డీజిలు తొట్టి మూత వదులుచేసి చూడగా దినమంతయు ఆగక నడిచినది. మూతకున్న సన్నని గాలి రంధ్రము మట్టితో పూడుకొనియుండెను. డీజిలు క్రిందికి దిగినకొలది పైన గాలి చేరవలయును. చేరనిచో డీజిలు దిగదు. ఒక ముల్లుతో పోయిన రోగమది.

పీపాలో నిలువ చేసిన డీజిలు అడుగున నీరు చేరును. అనుమానము గలచో తొట్టి అడుగునుండి కొంత తెల్ల సీసాలోనికి పట్టి, రాత్రి కదపక యుంచుడు. నీరున్నచో తెల్లవారునప్పటికి అడుగున వేరుపడి కనబడును. పీపా అడుగంటు డీజిలును ఇంజనులో పోయరాదు.

తొట్టి ఒట్టిపోయిన పిమ్మటను, ఫిల్టరు మార్చిన పిమ్మటను గొట్టములలో గాలి చేరును. డీజిలు కుదింపబడదు గాని గాలి కుదింపబడును. అందుచే పంపు నొక్కినను ఆ నొక్కుడు నాజిలును తెరువజాలదు. ఇంజను మొరాయించుటయో, వేగము పెరుగుచు తగ్గుచు ఊగుటయో దీని లక్షణము. తొట్టి నింపి, ఫిల్టరు మీది గాలి మరను వదులు చేయుడు. బుడగలు పోయి డీజిలు ఎడతెగక కారునప్పుడు బిగింపుడు. పిమ్మట నాజిలు గొట్టపు నట్టును ఒకటి రెండు చుట్లు వదులు చేసి, కుదింపు తప్పించు మీట ఎత్తి, హ్యాండిలు త్రిప్పుడు. అచ్చటను బుడగలు లేకుండ డీజిలు వచ్చినపుడు బిగించి మరల త్రిప్పినచో నాజిలు కిర్రుమని పలుకును. ఆ ధ్వని వినబడినచో డీజిలు చేరినదని తెలియును. గాలి పోయిన తరువాతను ఇంజను ఊగుచున్నచో గవర్నరు కడ్డీలు మట్టిపట్టి బిగిసినవేమో చూడుడు.

నాజిలు చిమ్ముటను చూచుటకు చేయి అడ్డము పెట్టుట ప్రాణాపాయకరము. 100 వాతావరణములకు మించిన ఒత్తిడితో వచ్చు ఆ తుంపర చర్మమును తొలుచుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడును, నొప్పియు మొదట స్వల్పమే. కాని లోన కండ కుళ్లి వ్రేలో, చేయియో తీసివేయవలసి వచ్చును. అట్టిది జరిగినచో గంటయైన జాగు చేయక శస్త్రచికిత్స గల ఆసుపత్రికి పోయి, డీజిలు లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలయును.

పొగ రంగును చూచి చాల వరకు రోగము చెప్పవచ్చును. నల్లపొగ యనగా డీజిలు మిక్కుటము, గాలి తక్కువ. బరువు మించుట, గాలి ఫిల్టరు పూడుట, నాజిలు చిమ్ముటకు మారుగా కార్చుట దీనికి కారణములు. నూర్పిళ్ల వేళ ధూళికి గాలి ఫిల్టరు వారమునకే పూడిపోవును. సైలెన్సరులో మసి గడ్డకట్టి పొగ పోవు దారి ఇరుకైనను బలము తగ్గును. దీనిని విప్పి చూచువారు అరుదు. తెల్లపొగ యనగా డీజిలు మండక ఆవిరియై పోవుట. చలి వేళ మొదటి కొన్ని నిమిషములు వచ్చినచో చింత లేదు. వేడెక్కిన పిమ్మటను విడువనిచో కుదింపు తగ్గినదనియో, డీజిలు చిమ్ము వేళ ఆలస్యమైనదనియో, నీరు చేరినదనియో తలపవలయును. నీలిపొగ యనగా కందెన నూనె మండుట. నూనె గుర్తు మించి పోసినారేమో ముందు చూడుడు. అది కానిచో రింగులు, లైనరు అరిగినవి.

కుదింపును పరీక్షించుటకు పరికరమక్కరలేదు. డీజిలు మూసి, మీట దించి, చక్రమును నడుచు దిక్కునకు చేతితో మెల్లగా త్రిప్పుడు. కుదింపు వచ్చుచోట చక్రము గట్టిగా ఎదురొడ్డి వెనుకకు తన్నవలయును. మెత్తగా దాటిపోయినచో గాలి ఎచ్చటనో కారుచున్నది. అప్పుడు గాలి గొట్టము నుండి చెంచాడు కందెన నూనె మాత్రమే లోపల పోసి, కొన్ని చుట్లు త్రిప్పి మరల చూడుడు. తన్ను బలపడినచో రింగులు అరిగినవి. నూనె సందు కప్పినందున గాలి నిలిచినది. మార్పు లేనిచో వాల్వులను అనుమానింపవలయును. ట్యాపెట్ల సందు బొత్తిగా లేనిచో వాల్వు పూర్తిగా మూతపడదు. ఫీలరు గేజితో ఆ సందును, ఇంజను చల్లారియున్నపుడు, కంపెనీ పుస్తకమున చెప్పిన కొలతకు సరిచేయుట పావుగంట పని. చల్లదనపు నీటిలో బుడగలు వచ్చుటయో, కందెన నూనె మజ్జిగవలె తెల్లబారుటయో కనబడినచో హెడ్డు గాస్కెట్టు కాలినదేమో చూడవలయును. నూనె తెల్లబారిన ఇంజనును ఒక్క గంటయైన నడుపరాదు, బేరింగులు చెడును.

త్రిప్పునపుడు హ్యాండిలుకు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల వైపుననే యుంచవలయును. ఎదురు తన్నినచో వ్రేలు దక్కును. ఉత్తరీయము నడుమునకు చుట్టి బిగింపుడు. నీరు దిగిపోయినదని ఇంజనును బావిలోనికి దింపి నడుపువారు నేటికిని గలరు. ఆ పొగలోని విషవాయువునకు రంగు, వాసన లేవు. దిగినవాడు పడిపోయెనని మరియొకడు దిగి ఇద్దరును చనిపోవుట జరుగుచున్నది. పొగ గొట్టమును పైకి పెట్టినంత మాత్రమున భయము తీరదు.

మంచి స్థితిలోనున్న 5 గుర్రముల ఇంజను నిండు బరువుతో గంటకు సుమారు లీటరుంబావు మొదలు లీటరున్నర వరకు డీజిలు త్రాగును. తొట్టి గుర్తు వరకు నింపి, గడియారము చూచి రెండు గంటలు నడిపి, మరల ఆ గుర్తునకు నింపుటకు ఎంత పట్టినదో కొలువుడు. ఇంజను బాగున్న దినముననే ఈ కొలత తీసి పుస్తకమున వ్రాసియుంచినచో, చెడిన దినమున పోల్చుకొనుటకు వీలగును. నీరు అంతే పడుచు డీజిలు ఖర్చు క్రమముగా పెరుగుచు, కుదింపు తన్ను మెత్తబడి, నీలిపొగ విడువకున్నచో అప్పుడు బోరు పని నిజముగనే అవసరము. దానిని నాట్లకు ముందు వేసవిలో చేయించుట యుక్తము. నాజిలు పరీక్షించు చేతిపంపును, ఫీలరు గేజిని ఒక్కొక్క రైతు కొనుట దండుగ. ఇంజనులు ఇరువదికి మించి యున్న గ్రామములలో సంఘమే ఒక్కొక్కటి కొని, వాడిన దినమును, వాడినవారి పేరును చిట్టాలో వ్రాయించి ఇచ్చుట సాధ్యమైన పని. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రస్తావింప గోరువారు ముందుగా కార్యదర్శికి వ్రాతమూలముగా తెలుపవచ్చును.