చదువుకుంటూనే చదువు చెప్పాలి

ఈ సంచికలో తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని తొమ్మిదో అనువాకం చూద్దాం. చిన్న భాగమే. కానీ బడుల్లో పనిచేసే మన సభ్యులకూ, ఆదివారం బాలల తరగతులు నడిపేవారికీ నేరుగా తగిలే మాట అందులో ఉంది.

ఋషి అక్కడ 12 ధర్మాలు వరుసగా చెబుతాడు. ఋతం, సత్యం, తపస్సు, ఇంద్రియ నిగ్రహం, మనశ్శాంతి, అగ్నిహోత్రం, అతిథి సేవ, సంతానం వంటివి. ప్రతిదానికీ రెండు మాటలు జత చేస్తాడు: స్వాధ్యాయం, ప్రవచనం. అంటే తాను చదువుకోవడం, ఇతరులకు చెప్పడం. చివర ముగ్గురు ఆచార్యుల అభిప్రాయాలున్నాయి. సత్యమే ముఖ్యమని రాథీతరుడు, తపస్సే ముఖ్యమని పౌరుశిష్టి అంటారు. స్వాధ్యాయ ప్రవచనాలే ముఖ్యం, అదే తపస్సు అంటాడు మౌద్గల్యుడు.

గమనించండి. అతిథి వచ్చాడని చదువు మానమనలేదు. చదువు ఉందని పిల్లల్ని మరవమనీ అనలేదు. అన్నిటికీ చోటు ఉండాలి.

నేను ఇక్కడ సెకండరీ స్కూల్లో లెక్కలు చెబుతాను. కొన్నేళ్ళు మా విభాగానికి పెద్దగా ఉన్నాను. రాత్రి పదకొండు దాకా నోటుపుస్తకాలు దిద్ది, ఆ తర్వాత తోటి టీచర్లకు ఈమెయిళ్ళు పంపేదాన్ని. కష్టపడుతున్నానని లోపల గర్వం కూడా. ఒకరోజు కొత్తగా చేరిన టీచరు, మీ మెయిల్ వచ్చిందేమోనని పడుకునే ముందు మళ్ళీ ఫోన్ చూసుకుంటున్నానని చెప్పింది. అదే వారం ఒక అబ్బాయి, సున్నాతో ఎందుకు భాగించకూడదు అని అడిగాడు. "అది రూల్" అనేశాను. జవాబు తెలియక కాదు, చెప్పే ఓపిక లేక. ఆ ఏడాది కొత్తగా చదివింది ఏమీ లేదు, పాత వర్క్‌షీట్లే పంచాను. ప్రవచనం మిగిలింది, స్వాధ్యాయం పోయింది.

పని పెరిగినప్పుడు ముందు పోయేది చదువే. అది ఆగిపోయిందని ఎవరూ ఫిర్యాదు చేయరు కదా!

ఇంగ్లాండులో కౌన్సిల్ బడుల నిబంధనల్లోనూ ఈ జంట కనిపిస్తుంది. టీచరు సాధారణంగా ఏడాదికి 195 రోజులు పనిచేయాలి. పాఠాలు 190 రోజులే. మిగిలిన 5, పిల్లల్ని ఎవరు చూసుకుంటారని మనం విసుక్కునే ఇన్‌సెట్ డేలు. 2005 నుంచి, పాఠాలు చెప్పే సమయంలో కనీసం పదో వంతు ప్లానింగుకూ, దిద్దుకోవడానికీ కేటాయించాలి. కాగితం మీద ఉన్న ఆ సమయాన్ని మీటింగులకు బలి కాకుండా కాపాడటమే హెడ్‌టీచరు అసలు పని.

పదకొండో అనువాకంలో, చదువు ముగించి వెళ్ళే శిష్యుడికి ఆచార్యుడు ఒక మాట చెబుతాడు. మాలోని మంచి నడతలనే పాటించు, తక్కినవి వద్దని. నా అర్ధరాత్రి మెయిళ్ళు ఆ తక్కిన వాటిలోవే. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటాక పంపడం లేదు. ఆ అబ్బాయికి జవాబు కూడా చెప్పాను, కాస్త ఆలస్యంగా.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి:

1. ఈ నెలలో మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారు? పిల్లలు అది చూశారా?
2. మీ పని అలవాట్లలో పిల్లలు ఏది నేర్చుకోకూడదనుకుంటున్నారు?
3. మన ఆదివారం తరగతుల్లో ఒక్కరి మీదే పడుతున్న పని ఏది? నెలకు ఒక వారం మీరు అందుకోగలరా?